సాయంత్రం పడవలో నీలిరంగు దొరకదు

మాల్దీవుల్లో పడవ మీద ఫొటో షూట్‌కు సాయంత్రమే మేలన్న గత సంచిక వ్యాసంలోని మాట సగమే నిజం. అక్కడి నీటికి ఆ నీలిపచ్చ రంగు వచ్చేది, అడుగునున్న తెల్లటి పగడపు ఇసుక మీద ఎండ నిటారుగా పడినప్పుడే. పొద్దు వాలితే ఆకాశం ఎర్రబడుతుంది గానీ నీరు సీసంలా మారుతుంది. పైగా భూమధ్యరేఖ దగ్గర సంధ్య నిలవదు, చూస్తుండగానే చీకటి. గంటకింతని పడవ మాట్లాడుకున్నవారికి ఇది చిన్న సంగతేమీ కాదు. రంగు కావాలంటే ఉదయం 10 గంటలకు, నీడబొమ్మలు చాలనుకుంటే సాయంత్రం 5కు బయల్దేరాలి. వేళతో పాటు కాలమూ చూసుకోవాలి. స్థానికులు ‘హుల్హంగు’ అనే నైరుతి గాలుల కాలం మే నెలలో మొదలవుతుంది. ‘ఇరువై’ అనే ఈశాన్య గాలుల కాలంలో, ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా, సముద్రం నెమ్మదిస్తుంది. వాన పడితే వాయిదానా, డబ్బు వాపసా అన్నది అడ్వాన్సు కట్టేముందే రాయించుకోవాలి. డ్రోన్‌కు ముందస్తు అనుమతి కావాలి. వ్యాసం ఆ ఊసే ఎత్తలేదు.