దీపాల చాటు నక్షత్రవీథి

నందిగామ, జగ్గయ్యపేట వంటి పట్టణాలలో, పెరటినుండి ఆండ్రోమెడా నక్షత్రవీథిని ఛాయాచిత్రంలో నిలుపగోరే వారికి అసలైన అడ్డంకి మబ్బు కాదు, వీధిదీపం. సుమారు 25 లక్షల సంవత్సరాలు పయనించి వచ్చిన ఆ మసక వెలుగు దీపకాంతిలో కలిసిపోయి కంటికి ఆనదు. వందలకొద్దీ చిత్రాలు తీసి, కంప్యూటరులో ఒకదానిపై ఒకటి పేర్చితే దాని రూపం కొంత తేలుతుంది. పూర్వపు సోడియం దీపాల పసుపు కాంతిని వడపోసే ఫలకాలు ఉండేవి. నేటి తెల్లని ఎల్.ఇ.డి. వెలుగులో దాదాపు అన్ని రంగులూ ఉన్నాయి. నక్షత్రవీథి కాంతిలోనూ అంతే. పాలనూ నీటినీ వేరుచేసే హంస కావ్యాలలో ఉంది గాని కటకాల అంగడిలో లేదు!

1901లో హైదరాబాదులో నిజామియా వేధశాల వెలసింది. 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయం తన 48 అంగుళాల దూరదర్శినిని నగరానికి దూరంగా, జపాల్-రంగాపూర్‌లో నెలకొల్పింది. సంస్థ ఊరు దాటి చీకటిని వెదుక్కోగలదు. పెరటిలో కెమెరా నిలిపిన విద్యార్థికి ఆ వసతి ఏది?

దీపాలు వద్దని ఎవరూ అనరు. రాత్రివేళ నడిచే ఆడపిల్లకు వెలుగు కావలసిందే. అయితే అది పడవలసినది దారిమీద. ఆకాశంలోకి చిమ్మే కాంతికి సైతం పురప్రజలే విద్యుత్తు రుసుము చెల్లిస్తున్నారు. కొత్త దీపాలు కొనేటప్పుడు పైమూత ఉన్నవాటిని ఎంచుకోవడం, పాతవాటికి రేకు తొడుగు బిగించడం పురపాలకులకు అసాధ్యమైన పనులు కావు.