టవర్ రాని ఊరు సొంతంగా మొబైల్ నెట్‌వర్క్ పెట్టుకోవచ్చా?

లిఫ్ట్‌లో సిగ్నల్ పోతేనే మనకు చిరాకు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని కొన్ని కొండ గూడేల్లో ఫోన్ మాట్లాడాలంటే సిగ్నల్ తగిలే గట్టుదాకా నడవాలి. 108కి ఫోన్ చేయాలన్నా అంతే. గర్భిణులను డోలీలో మోసుకొచ్చిన వార్తలు మీరు చదివే ఉంటారు. అప్పుడు అందరం రోడ్డు గురించే మాట్లాడతాం. అంబులెన్సును పిలిచే ఫోన్ సంగతి ఎవరికీ గుర్తుండదు.

కంపెనీలు అక్కడికి ఎందుకు వెళ్లవో మీరు ఊహించగలరు. టవర్ ఖర్చు ఎక్కువ, రీఛార్జి చేసేవాళ్లు తక్కువ. అందుకే ప్రభుత్వం పూనుకోవాల్సి వచ్చింది. 4జీ అందని 24,680 గ్రామాల కోసం 2022 జులైలో కేంద్ర కేబినెట్ రూ.26,316 కోట్ల పథకానికి ఆమోదం తెలిపింది. 2జీ, 3జీ మాత్రమే ఉన్న మరో 6,279 గ్రామాలూ అందులో ఉన్నాయి. పని బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించారు. అయిదేళ్ల నిర్వహణతో కలిపి లెక్కేస్తే ఊరికి సగటున 85 లక్షలు.

ఇంతకంటే చవకగా కుదరదా? మెక్సికోలో ఒక ఊరు చేసి చూపించింది.

తలేయా కథ

వహాకా రాష్ట్రంలోని కొండల్లో తలేయా దె కాస్త్రో అనే ఊరుంది. సుమారు 2,500 మంది ఉంటారు, ఎక్కువమంది జపోటెక్ ఆదివాసులు. చాలా ఇళ్లలో ఎవరో ఒకరు అమెరికాకు వలసపోయినవాళ్లే. ఫోన్ సౌకర్యం అడిగితే కనీసం 10 వేల మంది వాడకందార్లు ఉండాలని పెద్ద కంపెనీ చెప్పింది. దాంతో ఊరివాళ్లు రైజోమాటికా అనే స్వచ్ఛంద సంస్థ సాయంతో 2013లో తమ నెట్‌వర్క్ తామే పెట్టుకున్నారు. పరికరాలకు సుమారు 4 లక్షల పెసోలు, అంటే అప్పటి లెక్కలో 30 వేల డాలర్లు అయింది. నెలకు 15 పెసోలు కడితే ఊళ్లో కాల్స్ ఉచితం. కాకపోతే లైన్లు నిండిపోకుండా ఒక్కో కాల్‌కు అయిదు నిమిషాల పరిమితి పెట్టారు. అమెరికాలో ఉన్న కొడుకుతో మాట్లాడితే నిమిషానికి కొద్ది సెంట్లు పడేవి.

ఇదెలా పనిచేస్తుంది?

మామూలు మొబైల్ నెట్‌వర్క్‌లో మీ కాల్ టవర్ నుంచి కంపెనీ ఎక్స్ఛేంజికి వెళ్తుంది. ఆ ఎక్స్ఛేంజి పరికరాలు, వాటిలోని సాఫ్ట్‌వేర్ కొద్ది కంపెనీల సొత్తు, ధరలూ అలాగే ఉంటాయి. ఓపెన్ బీటీఎస్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఆ తంతునంతా ఒక సాధారణ కంప్యూటర్‌లోకి దించింది. డేవిడ్ బర్జెస్, హర్వింద్ సమ్రా దీన్ని మొదలుపెట్టారు. కంప్యూటర్‌కు ఒక రేడియో పెట్టె, యాంటెన్నా తగిలిస్తే చాలు, అదే టవర్. మీ జేబులోని పాత 2జీ ఫోన్‌కు ఏ తేడా తెలియదు, మామూలు టవరే అనుకుని కలుస్తుంది.

అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. సాఫ్ట్‌వేర్ ప్రతి మొబైల్‌నూ ఒక ఇంటర్నెట్ ఫోన్‌గా మార్చేస్తుంది. మీ ఆఫీసులో టేబుల్ మీద ఎక్స్‌టెన్షన్ నంబర్లున్న ఫోన్లు ఉంటాయి కదా, ఊరంతా అలాంటి ఒక ఆఫీసు అనుకోండి. ఊళ్లోవాళ్లు ఊళ్లోవాళ్లకు చేసే కాల్ ఆ కంప్యూటర్ దాటి బయటికే పోదు, అందుకే ఉచితం. బయటి కాల్స్ మాత్రం ఇంటర్నెట్ మీదుగా వెళ్తాయి. కాబట్టి వైర్‌లెస్ లింకు ద్వారానో మరోలాగో ఊరికి ఒక నెట్ కనెక్షన్ చేరాలి. అది తెగిపోయినా ఊళ్లో ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు.

పెట్టె కంటే కష్టమైంది లైసెన్సు

ఫోన్లు మాట్లాడే తరంగాలు, అంటే స్పెక్ట్రం, ప్రభుత్వానివి. మెక్సికో 2014లో టెలికాం చట్టం మార్చి ఆదివాసీ సమూహాలకు లాభాపేక్ష లేని లైసెన్సు ఇచ్చే వీలు కల్పించింది. 2016లో వాళ్ల సంఘానికి అయిదు రాష్ట్రాల్లోని 356 మునిసిపాలిటీల వరకు, 15 ఏళ్లకు ఆ లైసెన్సు దక్కింది. నా దృష్టిలో సాఫ్ట్‌వేర్ కంటే పెద్ద విజయం ఇదే.

లోపాలు లేవని కాదు. ఇది 2జీ. మాటలు, ఎస్ఎంఎస్‌లు తప్ప వాట్సాప్ రాదు, యూపీఐ నడవదు. కాబట్టి తలేయా ఖర్చును బీఎస్ఎన్ఎల్ 85 లక్షలతో నేరుగా పోల్చలేం. ఈరోజు ఊరికి 4జీయే కావాలి. 4జీకీ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వచ్చింది కానీ, దానికి మరింత బలమైన నెట్ కనెక్షన్, నిపుణులు అవసరం. పైగా తలేయా నెట్‌వర్క్ నిలవలేదు. ఊళ్లో గిరాకీ ఉందని రుజువయ్యాక ఒక పెద్ద కంపెనీ వచ్చి టవర్ వేసింది, జనం అటు మళ్లారు. దాన్ని ఓటమి అనాలా? సిగ్నల్ కోసం అడిగి లేదనిపించుకున్న ఊరికి కంపెనీయే వెతుక్కుంటూ వచ్చింది మరి.

మన దగ్గర?

ఈ మాట చదివి మీ సొంతూళ్లో ఒక పెట్టె కొని పెట్టేద్దామనుకోకండి. లైసెన్సు లేకుండా మొబైల్ తరంగాలు వాడటం నేరం. ఇంటర్నెట్ కాల్స్‌ను మామూలు ఫోన్లకు అనుమతి లేకుండా కలపడం కూడా అంతే. హైదరాబాద్‌లో సిమ్ బాక్సులు పట్టుకున్నారు, అక్రమ ఎక్స్ఛేంజి గుట్టు రట్టు అని వచ్చే వార్తలు దీని గురించే. ఇంటర్నెట్ కాల్స్‌ను మొబైల్ ఫోన్లకు కలపడం మోసగాళ్ల సిమ్ బాక్సుల్లోనూ, తలేయాలోనూ ఉంది.

2023 టెలికాం చట్టం ప్రకారం స్పెక్ట్రంను వేలంలోనే ఇవ్వాలి. రక్షణ, విపత్తు నిర్వహణ, బీఎస్ఎన్ఎల్ లాంటి కొన్నింటికి మినహాయింపు ఉంది, ఆ జాబితా చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంటుంది. గ్రామసభ పేరు అందులో లేదు. అయితే ప్రజా ప్రయోజనం కోసం, లేదా వేలం ఆర్థికంగా గిట్టుబాటు కానిచోట, ఆ జాబితాను నోటిఫికేషన్‌తో మార్చే అధికారం కేంద్రానికి అదే చట్టం ఇచ్చింది. 50 ఇళ్ల గూడెంలో తరంగాలను వేలం పాటలో కొనడానికి ఎవరూ రారు. అలాంటి చోట్ల తక్కువ శక్తితో, చిన్న పరిధికి, పంచాయతీకో గిరిజన సహకార సంఘానికో అనుమతి ఇవ్వాలంటే కావాల్సింది కొత్త చట్టం కాదు, ఒక నోటిఫికేషన్.