పాత కారుకు కొత్త చూపు
వింటేజ్ కార్లకు ఎల్ఈడీ హెడ్‌లైట్లు బిగించాలా వద్దా అన్న వాదన జోరుగా సాగుతోంది. ఎదురుగా వచ్చేవాడి కళ్ల సంగతి మాత్రం ఎవరికీ పట్టడం లేదు.

వింటేజ్ కార్ల ర్యాలీలు సాధారణంగా పొద్దుటి పూటే మొదలవుతాయి. ది స్టేట్స్‌మన్ పత్రిక 1964లో ఢిల్లీలో, 1968లో కోల్‌కతాలో శ్రీకారం చుట్టిన ర్యాలీలు ఇప్పుడు దేశంలో ఓ సంప్రదాయం. న్యాయనిర్ణేతలు ఒక్కో కారు దగ్గరా వంగి మరీ చూస్తారు. హెడ్‌లైటు చుట్టూ ఉన్న క్రోమియం రింగు అసలుదేనా, అద్దం మీద ఆనాటి కంపెనీ గుర్తు ఉందా, గీతలేమైనా పడ్డాయా అని పరీక్షిస్తారు. మార్కులు పడతాయి. ఆ దీపం వెలిగిస్తే ఎంత దూరం కనిపిస్తుందని మాత్రం ఎవరూ అడగరు. సూర్యుడు నెత్తిమీద ఉండగా ఆ ప్రశ్న ఎవరికి గుర్తొస్తుంది?

గుర్తొచ్చేది సాయంత్రం, ఇంటిదారి పట్టాక. హైవే మీద పాత అంబాసిడర్ వెలుగు తేనెరంగులో నాలుగడుగులు పాకి ఆగిపోతుంది. ఎదురుగా వచ్చే కొత్త ఎస్‌యూవీ తెల్లటి వెలుగు ముఖాన కొడుతుంది. డివైడరు లేని రోడ్డు, పక్కన లైట్లు లేని ట్రాక్టరు, మార్జిన్‌లో నడిచిపోయే మనుషులు. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయి. ప్రమాదాలు అత్యధికంగా జరిగే సమయం సాయంత్రం 6 నుంచి 9 గంటల మధ్యే. అలాంటి రోడ్డు మీద గుడ్డిదీపంతో కారు నడపడం వారసత్వ పరిరక్షణ అనిపించుకోదు.

అందుకే యజమానుల చూపు ఎల్ఈడీ మీద పడింది. ఏడంగుళాల గుండ్రటి హెడ్‌లైటు కొలత అమెరికాలో 1940 నుంచి స్థిరపడింది. సీల్డ్ బీమ్ పేరుతో వచ్చిన ఆ దీపంలో అద్దం, రిఫ్లెక్టరు, ఫిలమెంటు అన్నీ కలిపి ఒకే ముక్క. ఆ కొలత అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. జీపుకీ అదే, అంబాసిడర్‌కీ అదే, బుల్లెట్ మోటార్‌సైకిల్‌కీ అదే. జీపుల కోసం తయారయ్యే ఎల్ఈడీ యూనిట్ అంబాసిడర్ ముఖంలో ఇట్టే అమరుతుంది. పాతది విప్పి కొత్తది పెట్టడానికి అరగంట చాలు. అరగంట పనే కావడంతో ఆలోచించే తీరిక ఎవరికీ ఉండడం లేదు.

వాదన రెండు శిబిరాలుగా చీలింది. కారు ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలనేది ఒక వర్గం. వారి దృష్టిలో ఎల్ఈడీ బిగించడం పాత గుడి గోపురానికి ట్యూబులైట్లు కట్టడం లాంటిది. ప్రాణం కంటే పాతదనం గొప్పదా అనేది రెండో వర్గం. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ ఇద్దరూ స్టీరింగు వెనక కూర్చున్నవాడి గురించే మాట్లాడుతున్నారు. హెడ్‌లైటు సంగతి వేరు. కారులోని మిగతా భాగాలన్నీ యజమాని సొంతం. వెలుగు మాత్రం బంపరు దాటగానే అందరి ఉమ్మడి ఆస్తి.

అసలు హెడ్‌లైటు చరిత్రంతా మార్పుల చరిత్రే. తొలి కార్లకు కిరోసిన్ దీపాలు, కార్బైడ్ గ్యాసు దీపాలే దిక్కు. 1912 మోడల్ కెడిలాక్‌లో విద్యుత్ స్టార్టరుతోపాటు విద్యుత్ దీపాలూ వచ్చాయి. ఐరోపాలో 1962లో తొలి హాలోజెన్ బల్బు, 1971లో ఒకే బల్బులో బ్రైట్, డిమ్ రెండూ ఇచ్చే హెచ్4 వచ్చాయి. 1991లో బీఎండబ్ల్యూ జినాన్ దీపాలతో ముందుకొచ్చింది. 2000ల చివర్లో లెక్సస్, ఆడి కార్లతో ఎల్ఈడీ వంతు మొదలైంది. అంటే దీపం మార్చడం కొత్తగా వచ్చిన పాపమేమీ కాదు. 1950ల నాటి కార్లకు హెచ్4 బల్బులు బిగించుకుని దశాబ్దాలుగా తిరుగుతున్నవారు ఎందరో ఉన్నారు.

ఇక్కడే ఓ ఆసక్తికరమైన విషయం ఉంది. పాత కారు వెలుగు మందగించడానికి కారణం చాలాసార్లు బల్బు కాదు, వైరు. బ్యాటరీలో బయల్దేరిన కరెంటు స్విచ్, డిమ్మరు, యాభై ఏళ్ల నాటి వైర్లు, తుప్పుపట్టిన ఎర్త్ జాయింట్లు దాటుకుని బల్బు చేరేసరికి నీరసపడుతుంది. ఫిలమెంటు బల్బు స్వభావం విచిత్రం. దానికి అందే వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు 10 శాతం తగ్గి ఊరుకోదు, దాదాపు 30 శాతం పడిపోతుంది. బ్యాటరీ నుంచి నేరుగా లావుపాటి వైరు లాగి, మధ్యలో రెండు రిలేలు పెట్టి, ఎర్త్ జాయింట్లు గీకి శుభ్రం చేస్తే ఆ పోయిన వెలుగులో సింహభాగం తిరిగొస్తుంది. వెండిపూత పోయి మసకబారిన రిఫ్లెక్టరును మారిస్తే మిగతాది వస్తుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పనితెలిసిన ఎలక్ట్రీషియన్‌కు ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. పైగా కారు ముఖం చెక్కుచెదరదు.

అలాగని ఎల్ఈడీని తీసిపారేయడానికీ లేదు. దాని బలం పొదుపులో ఉంది. హెచ్4 బల్బులు రెండూ డిమ్‌లో ఉంటే 110 వాట్లు, అంటే 9 ఆంపియర్ల పైచిలుకు కరెంటు తాగుతాయి. 1950ల బ్రిటిష్ కార్లలోని డైనమో పూర్తి వేగంతో తిరిగినా ఇచ్చేది 20 ఆంపియర్ల దరిదాపుల్లోనే. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు అది దాదాపు ఏమీ ఇవ్వదు, దీపాలు బ్యాటరీని పీల్చేస్తాయి. ఎల్ఈడీ యూనిట్లు సగం కరెంటుతోనో, అంతకన్నా తక్కువతోనో పనికానిస్తాయి. పాత స్విచ్ వేడెక్కదు, వైరు కాలదు, రాత్రి ప్రయాణంలో బ్యాటరీ చేతులెత్తేయదు. ముసలి డైనమోకు ఇంతకంటే ఊరట లేదు.

కానీ ముసలి కారు నాడి తెలియకుండా కొత్త మందు వేస్తే వికటిస్తుంది. 1960ల మధ్యకాలం దాకా వచ్చిన మోరిస్, ఆస్టిన్ లాంటి బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపేవారు. ఫిలమెంటుకు కరెంటు ఎటు నుంచి వచ్చినా ఒకటే. ఎల్ఈడీ ఒకవైపు నుంచే కరెంటును రానిస్తుంది. నేటి యూనిట్లు నెగటివ్ ఎర్త్‌ను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. తలకిందులుగా కలిపితే వెలగకపోవడం అదృష్టం, కాలిపోవడం దురదృష్టం. 1954 దాకా షెవర్లే, 1960ల మధ్య దాకా ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ నడిచింది 6 వోల్టుల మీద. వాటికి 12 వోల్టుల ఎల్ఈడీ పనికిరాదు.

అంతకంటే పెద్ద చిక్కు వెలుగు వెళ్లే దారి. హాలోజెన్ దీపంలోని రిఫ్లెక్టరు, అద్దం మీది గాట్లు అన్నీ ఫిలమెంటు ఉండే ఒక్క బిందువును ఆధారం చేసుకుని గీసిన జ్యామితి. ఫిలమెంటు ఓ మిల్లీమీటరు పక్కకు జరిగినా లెక్క తప్పుతుంది. పాత రిఫ్లెక్టరులో కేవలం ఎల్ఈడీ బల్బు దూర్చితే, అటూ ఇటూ అతికించిన చిప్‌ల నుంచి వచ్చే వెలుగు ఆ లెక్కకు అందదు. రోడ్డు మీద పడాల్సిన వెలుగు చెట్లకొమ్మల మీద, ఎదుటి డ్రైవరు కళ్లలో పడుతుంది. కారు దగ్గర నేల తెల్లగా మెరిసిపోతుంది కాబట్టి యజమాని మురిసిపోతాడు. దూరాన ఉన్న గుంత మాత్రం అంతకుముందులాగే కనిపించదు.

పూర్తి ఎల్ఈడీ యూనిట్ దీనికి మెరుగైన జవాబు. దాని వెలుగుకు దాని సొంత జ్యామితి ఉంటుంది. అయితే అక్కడా ఓ మెలిక ఉంది. డిమ్ దీపం వెలుగు రోడ్డు అంచువైపు కాస్త పైకి ఎగబాకేలా మలుస్తారు. ఎడమవైపు నడిచే మన దేశంలో ఆ ఎగుడు ఎడమకు ఉండాలి. కుడివైపు నడిచే అమెరికా కోసం తయారైన యూనిట్‌లో అది కుడికి ఉంటుంది. దాన్ని ఇక్కడ బిగిస్తే ఎగుడు నేరుగా ఎదుటివాడి కళ్లలోకే వెళుతుంది. ఎంత కిందికి దించి సరిచేసినా ఆ వంకర పోదు. అందుకే డబ్బా మీద వాట్లు, ల్యూమెన్లు చదవడానికి ముందు ఏ వైపు రోడ్డు కోసం చేశారో చదవాలి. ఆ మాట డబ్బా మీద లేకపోతే కొనకపోవడమే మేలు.

మూడు సెకన్లు కళ్లు బైర్లు కమ్మితే ఏమవుతుంది? గంటకు 60 కిలోమీటర్ల వేగంలో లారీ 50 మీటర్లు గుడ్డిగా దూసుకుపోతుంది. పాత కారు భద్రత కోసం వేసిన దీపం దాని మీదికే లారీని రప్పించవచ్చు.

మరి చట్టం ఏమంటోంది? 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండిన వాహనానికి ‘వీఏ’ అక్షరాల నంబరు ప్లేటు, పదేళ్ల రిజిస్ట్రేషన్, 20,000 రూపాయల రుసుము. 1975లో రోడ్డెక్కిన అంబాసిడర్ 2025లో ఆ గౌరవానికి అర్హత సాధించింది. షరతేమిటంటే వాహనం అసలు రూపంలోనే ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు ఉండరాదు. ఆ జాబితాలో హెడ్‌లైటు ప్రస్తావన లేదు. మరోవైపు, తయారీదారు నిర్దేశించిన స్వరూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం, అనుమతిలేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరునెలల దాకా జైలు లేదా రెండూ విధించవచ్చంది. ఒక నిబంధన మౌనంగా ఉంది, ఇంకొకటి గర్జిస్తోంది. మధ్యలో యజమాని అయోమయంలో పడ్డాడు.

నిజానికి అసలైన కొలబద్ద కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. దీపానికి 8 మీటర్ల దూరంలో, నేలకు 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కన్ను చెదరకుండా వెలుగు కిందికి వంగి ఉండాలని 106వ నిబంధన చెబుతోంది. బల్బు ఏ కాలానిదని అది అడగదు. వెలుగు ఎక్కడ పడుతోందని మాత్రమే అడుగుతుంది. రాత్రిపూట ఆపి దాన్ని కొలిచే యంత్రాంగం ఎక్కడుందన్నది వేరే ప్రశ్న. నంబరు ప్లేటును చూడటం తేలిక, వెలుగును చూడటం కష్టం.

ఇతర దేశాలు ఈ చిక్కుముడిని తలో రకంగా విప్పాయి. బ్రిటన్‌లో 1986 ఏప్రిల్ 1 నుంచి వాడకంలోకి వచ్చిన వాహనాల హాలోజెన్ దీపాల్లో ఎల్ఈడీ బల్బు పెడితే వార్షిక తనిఖీలో తప్పుతాయి. అంతకంటే పాతవాటికి ఆ నిషేధం లేదు, కానీ వెలుగు పడే తీరు సరిగా ఉండాల్సిందే. జర్మనీ 2020లో తొలిసారి ఒక ఎల్ఈడీ బల్బును అనుమతించింది. అదీ పరీక్షించి చూసిన మోడళ్లకు మాత్రమే. రెండుచోట్లా సూత్రం ఒకటే. కొత్తదా పాతదా అన్నది కాదు, కొలిచారా లేదా అన్నదే.

అలా చూస్తే పాత కారు యజమాని చేయాల్సిన పనికి ఓ వరుస ఉంది. ముందు వైర్లు, ఎర్త్, రిలేలు. తర్వాత రిఫ్లెక్టరు, మంచి హాలోజెన్ బల్బు. అప్పటికీ చాలకపోతే, డైనమో మోయలేకపోతే, ఎడమవైపు రోడ్డు కోసం తయారైన పూర్తి ఎల్ఈడీ యూనిట్. నీలిఛాయ లేని వెచ్చటి తెలుపైతే పాత ముఖానికి నప్పుతుంది, ఎదుటి కంటికీ హాయి. విప్పిన అసలు దీపాన్ని గుడ్డలో చుట్టి దాచుకుంటే ర్యాలీ నాడు మళ్లీ బిగించుకోవచ్చు. చివరగా చదునైన నేల మీద గోడకు 8 మీటర్ల దూరంలో కారు నిలిపి, దీపం మధ్యభాగం ఎత్తును గోడ మీద సుద్దముక్కతో గీయాలి. డిమ్‌లో వెలుగు పైఅంచు ఆ గీతకు 8 సెంటీమీటర్లయినా కిందికి దిగాలి. ఖర్చు, ఒక సుద్దముక్క.

ఒకప్పుడు మన రోడ్ల మీద హెడ్‌లైటు అద్దం పైసగానికి నల్లరంగు పూసేవారు. అది మోటు పద్ధతే. సగం వెలుగు వృథా అయ్యేది. కానీ ఎదురుగా వచ్చేవాడికీ కళ్లుంటాయని ఆ నల్లరంగుకు తెలుసు. లారీల వెనక ‘రాత్రిపూట డిప్పర్ వాడండి’ అని రాయించుకున్నవారికీ తెలుసు. పాత కార్ల నుంచి కాపాడుకోవాల్సినవాటిలో క్రోమియం రింగుతోపాటు ఆ మర్యాద కూడా ఉంది. పగటి ర్యాలీలో మార్కులు వేయడానికి న్యాయనిర్ణేతలుంటారు. రాత్రి హైవే మీద ఉండే న్యాయనిర్ణేత ఎదురుగా వచ్చే లారీ డ్రైవరొక్కడే.