అందని దరఖాస్తులకు ధన్యవాదాలు

సావనీరుకి ఏదైనా రాయమని యూనియన్ వారు అడిగినప్పుడు కవితో కథో రాద్దామనుకున్నాను. కాని ఏడాదిగా ఒక తప్పు నా మనస్సులో ముల్లులా గుచ్చుతోంది. అదే రాస్తే నలుగురికీ పనికొస్తుందని ఈ సాహసం చేస్తున్నాను.

కిందటేడు బుక్ బ్యాంకు దరఖాస్తులు కాగితాల మీద కాకుండా వెబ్ ఫారం ద్వారా తీసుకుందామని యూనియన్ నిర్ణయించింది. కంప్యూటర్ సైన్సు వాణ్ణి గనుక ఆ పని నా నెత్తిన పడింది. రెండు రాత్రుల్లో తయారుచేశాను. పేరు, గ్రూపు, కావలసిన పుస్తకాలు నింపి బటన్ నొక్కితే "ధన్యవాదాలు. మీ దరఖాస్తు అందింది" అని వచ్చేది. అందరూ భేష్ అన్నారు. నేను సంక్రాంతికి ఊరెళ్లాను.

తిరిగొచ్చి పుస్తకాలు పంచిన రోజున ఒక ఫస్టియర్ కుర్రాడు వచ్చి "అన్నా, లిస్టులో నా పేరు లేదు" అన్నాడు. "సరిగ్గా నొక్కి ఉండవురా" అన్నాను. అతడేమీ మాట్లాడలేదు. ఫోనులో దాచుకున్న ఫోటో చూపించాడు. అందులో ఉన్నవి నా ధన్యవాదాలే! అతని వెనక ఇంకొందరు నిలబడి ఉన్నారు.

ఆ సాయంత్రం డేటాబేసు తెరిచి చూస్తే, పండక్కి మూడు రోజుల ముందు నుంచి ఒక్క దరఖాస్తూ లేదు. సరిగ్గా ఆ రోజే ల్యాబులో డేటాబేసు పాస్‌వర్డులు మార్చారట. నా ప్రోగ్రాం మాత్రం పాత పాస్‌వర్డే పంపుతోంది. "1045, ప్రవేశం లేదు" అని డేటాబేసు ప్రతిసారీ చెబుతూనే ఉంది. వినేవాడే లేడు! తప్పు వస్తే ఏం చెయ్యాలో రాయవలసిన క్యాచ్ బ్లాకుని నేను ఖాళీగా వదిలేశాను. దరఖాస్తు చేరినా చేరకపోయినా ధన్యవాదాలు చెప్పే ఏర్పాటు మాత్రం చేశాను.

ఈ సంగతులు తెలియని మిత్రుల కోసం కొంచెం వివరిస్తాను. మనం నింపే పేజీ వేరు, వివరాలు దాచే డేటాబేసు వేరు. మధ్యలో పి.హెచ్.పి. వంటి భాషలో రాసిన ప్రోగ్రాం రాయబారిలా తిరుగుతుంది. ఆ రాయబారి కోట గుమ్మం దాకా వెళ్లాడా? లోపలికి రానిచ్చారా? తెచ్చిన మాట చిట్టాలోకి ఎక్కిందా? ఈ మూడూ వేర్వేరు ప్రశ్నలు.

మై ఎస్.క్యు.ఎల్. అనే డేటాబేసునే తీసుకోండి. 2002 అనే నంబరు వస్తే రాయబారి గుమ్మం దాకానే పోలేదన్నమాట. సర్వర్ ఆగిపోయి ఉండాలి, లేదా చిరునామా తప్పయి ఉండాలి, లేదా మామూలుగా 3306 ఉండే పోర్టు తప్పయి ఉండాలి. 1045 వస్తే గుమ్మం చేరాడు గాని పేరో పాస్‌వర్డో కుదరలేదు. ఆ వాక్యం చివర పాస్‌వర్డు వాడలేదని ఉంటే, మన ప్రోగ్రాం అసలు పాస్‌వర్డే పంపలేదని అర్థం. 1049 అంటే ఆ పేరుతో డేటాబేసు లేదు. 1040 అంటే గుమ్మం దగ్గర తొక్కిసలాట. ఎవరూ మార్చకపోతే ఒకేసారి 151 కనెక్షన్లే దాని హద్దు. ఆఖరు తేదీ సాయంత్రం అందరూ ఒక్కసారి మీద పడితే ఏమవుతుందో ఊహించండి.

చూశారా! నంబరు చదివితే సగం రోగం తెలిసిపోతుంది. కాని మనం చేసేదేమిటి? ఎర్రర్ కనపడగానే కంగారుపడి పాస్‌వర్డు మార్చి, పోర్టు మార్చి, అన్నీ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తాం. ఏది చేస్తే నయమైందో మనకే తెలియదు. పరీక్షల ముందు గైడు బట్టీ పట్టే అలవాటే ల్యాబులోకీ వచ్చిందనిపిస్తుంది.

ఎర్రర్లు బయటికి చూపించకూడదని మా లెక్చరర్ గారొకరు అంటారు. నిజమే. సర్వర్ వివరాలు, యూజరు పేర్లు దారినపోయే వాళ్లందరికీ చూపించడం ఇంటి గుట్టు వీధిలో పెట్టడమే. కాని దొంగ దగ్గర దాచడం వేరు, దరఖాస్తుదారుతో అబద్ధమాడటం వేరు. అసలు సంగతి లాగ్ ఫైల్లో రాసుకోవాలి. నింపిన వాడికి మాత్రం "మీ వివరాలు చేరలేదు, మళ్లీ ప్రయత్నించండి" అని చెప్పాలి. అతడు టైపు చేసినది చెరిగిపోకుండా చూడాలి. పోస్టాఫీసులో రిజిస్టర్డ్ ఉత్తరం తీసుకుని నంబరున్న రసీదు ఇచ్చేవారు కదా! అలాగే డేటాబేసులో వరస చేరాక దాని నంబరునే రసీదుగా ఇవ్వాలి. ఆ నంబరు లేని ధన్యవాదాలకు విలువ లేదు.

2021లో వచ్చిన పి.హెచ్.పి. 8.1 నుంచి, డేటాబేసుతో పని చెడితే ఆ భాషే గట్టిగా కేక పెడుతుంది. నా ప్రోగ్రాం కూడా కేక పెట్టింది. దాని నోరు నొక్కింది నేను. కాబట్టి "కంప్యూటర్ తప్పు చేసింది" అన్న మాట నేనిక అనలేను. ఆఫీసుల్లో ఆ మాట విన్నప్పుడల్లా, ఆ క్యాచ్ బ్లాకు ఎవరు ఖాళీగా వదిలారో అని ఆలోచిస్తాను.

యూనియన్ వారికి, కాలేజీ ఆఫీసు వారికి నాదొక్క మనవి. ఫీజుకి గాని, స్కాలర్‌షిప్పుకి గాని, హాస్టల్‌కి గాని ఏ ఫారం పెట్టినా, పెట్టేముందు కావాలని డేటాబేసు ఆపి ఒకసారి నింపి చూడండి. అప్పుడు కూడా అది ధన్యవాదాలు చెబితే, ఆ ఫారం పెట్టకండి. ఈ పరీక్షకి ఐదు నిమిషాలు చాలు. నేను ఆ ఐదు నిమిషాలు వెచ్చించలేదు.

అప్పటికే పుస్తకాలన్నీ పంచేశారు. ఆ కుర్రాడు ఆ సెమిస్టరంతా జిరాక్సు కాగితాలతోనే చదివాడు. కనిపించినప్పుడల్లా నవ్వుతూ పలకరిస్తాడు. నేనే తల దించుకుంటాను.