పేరు ముందు పొడి అక్షరం

పోయిన ఆదివారం మధ్యాహ్నం భోజనాలయాక కాస్త నడుం వాలుద్దామనుకుంటూ వుండగా మా పెద్దమ్మాయి వచ్చి ఎదురుగా నిలబడింది. పాస్‌పోర్టు దరఖాస్తు నింపుతోందట.

"నాన్నా, ఇందులో పేరుకు ఒక గడి, ఇంటిపేరుకు ఒక గడి వున్నాయి. ఇంటిపేరు గడిలో ఏం రాయను?"

"అదేం ప్రశ్నే? మన ఇంటిపేరు రాయి."

"నా సర్టిఫికెట్లన్నిటిలోనూ ఒక్క పొడి అక్షరమే వుంది. పైగా వచ్చే మాఘంలో నా పెళ్ళి చేస్తామంటున్నారు. అప్పుడు మళ్ళీ మార్చుకోవాలా?"

తెలుగు ఎం.ఏ. చదివి, ఇరవయ్యేళ్ళుగా కాలేజీలో వ్యాకరణం చెబుతున్నవాణ్ణి. సంధి అడిగితే విడదీసి చెబుతాను. సమాసమడిగితే విగ్రహవాక్యం చెబుతాను. ఈ ప్రశ్నకు మాత్రం నోట మాట రాలేదు. రావలసిన నిద్ర కూడా రాలేదు.

కారణం వుంది, విన్నవించుకుంటాను. మాకు ఇద్దరూ ఆడపిల్లలే. నాకు అన్నదమ్ములు లేరు; మా నాన్నగారికీ లేరు. మా ఇంటిపేరు గలవాళ్ళు నర్సంపేటలో మేము తప్ప మరొకరు లేరు. వరంగల్లులో వాకబు చేశాను, హనుమకొండలో చేశాను, శుభలేఖల్లో చూశాను, ఓటర్ల జాబితాల్లో చూశాను. ఎక్కడా దొరకలేదు. అంటే లెక్కప్రకారం ఆ పేరు నాతో సరి. "ఇంటిపేరు నిలబెట్టాలిరా" అని మా తాత అంటూండేవాడు. నిలబెట్టడమంటే నలుగురూ మెచ్చే పనులు చెయ్యడమని అనుకున్నాను. తీరా చూస్తే అసలు పేరే నిలిచేటట్టు లేదు.

ఇది నా ఒక్కడి బెంగ కాదని తర్వాత తెలిసింది. నూటయాభై ఏళ్ళ కిందటే ఇంగ్లండులో దొరలకు ఇదే బెంగ పట్టుకుంది. వేలిముద్రల మీద పరిశోధన చేసి పేరుపొందిన ఫ్రాన్సిస్ గాల్టన్, డార్వినుకు దగ్గర చుట్టం, పెద్ద పెద్ద వంశాల ఇంటిపేర్లు ఒక్కొక్కటే మాయమైపోతున్నాయేమని ఆలోచించి, దాన్నొక లెక్కగా కట్టి 1873లో ఒక విద్యాపత్రికలో అడిగాడు. హెన్రీ వాట్సన్ అని ఒక మతాచార్యుడు, గణితంలో దిట్ట, జవాబు కట్టాడు. 1874లో ఇద్దరూ కలిసి అచ్చువేయించారు.

లెక్క మనకూ తెలిసేదే. ఇంటిపేరు కొడుకుల వెంట నడుస్తుంది. ఒకాయనకు కొడుకులు ముగ్గురుండవచ్చు, ఒకరుండవచ్చు, అసలు లేకపోవచ్చు. ఒకే పేరుతో వంద ఇళ్ళుంటే ఒకరింటి లోటు మరొకరింట తీరుతుంది. ఒక్క ఇల్లే మిగిలిన పేరుకు ఆ ధీమా లేదు. అక్కడ ఒక్కసారి సున్న పడిందా, ఆ తర్వాత ఎన్ని తరాలైనా సున్నే. ఎప్పటికైనా ఇంటిపేర్లన్నీ పోవలసిందేనని వాట్సన్ తేల్చాడు. అక్కడ ఆయన పొరబడ్డాడు. ఇంటికి సగటున ఒకరికి మించి కొడుకులుంటే పేరు బతికే అవకాశం వుంటుందని తర్వాతివాళ్ళు దిద్దారు. మించకపోతే మాత్రం ఎప్పటికైనా పోక తప్పదు. ఏనాటినుంచో ఇంటిపేర్లు వాడుతున్న చైనాలో ఇవాళ జనంలో అధికభాగం ఓ వంద పేర్లలోనే సర్దుకుపోయారు.

ఇంతకూ ఆ ప్రశ్న వేసిన గాల్టన్‌కు సంతానం లేదు. ఆ సంగతి చదివాక ఆయన మీద నాకు ఆత్మీయత కలిగింది.

మా శ్రీమతికి ఇదంతా చెబితే, "అయితే వాళ్ళేం చేశారట?" అంది.

"మనవాళ్ళు దత్తత చేసుకున్నట్టే వాళ్ళూ ఏదో వుపాయం చూశారు. మగసంతానం లేని జమీందార్లు, 'నా ఇంటిపేరు పెట్టుకుంటేనే ఆస్తి' అని అల్లుళ్ళకు వీలునామాలు రాసేవారట."

"మన దగ్గర ఆస్తెక్కడిది? ఆ మాట వియ్యంకుడిగారి చెవిన వెయ్యకండి, మీకు పుణ్యముంటుంది!"

నోరు మూసుకున్నాను.

ఇంతకూ పోతుందని బాధపడుతున్న ఆ పేరులో ఏముంది? "ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు" అని సామెత వుండనే వుంది. ఇంటిపేరుకు అర్థం చూసి మనిషిని అంచనా కట్టకూడదని మన పెద్దలకు తెలుసు. పిల్లలకు మాత్రం అంత సులభంగా తెలియదు.

క్లాసులో హాజరు పిలిచేటప్పుడు పొడి అక్షరాలు విప్పించడం నాకలవాటు. ఒకసారి ఒక కుర్రవాడు ఎంత అడిగినా చెప్పడు. చివరికి తలవంచుకుని, "నక్క సార్" అన్నాడు. వెనక బెంచీలు గొల్లుమన్నాయి. ఆ రోజు పాఠం పక్కనపెట్టి ఇంటిపేర్ల పాఠం చెప్పాను. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండు పార్లమెంటును తన వాక్కుతో వూపేసిన చార్లెస్ జేమ్స్ ఫాక్స్ ఇంటిపేరుకు అర్థం నక్కే. 1816లో మన తెలుగుకు ఇంగ్లీషులో వ్యాకరణం రాసిన దొర క్యాంబెల్. ఆ పేరుకు స్కాట్లండు కొండజాతుల గేలిక్ భాషలో అర్థం వంకర మూతి! నిఘంటువు కూర్చిన బ్రౌన్ దొర ఇంటిపేరు జుట్టు రంగునో వొంటి రంగునో బట్టి వచ్చింది. మన ఎర్రవారూ నల్లవారూ వున్నట్టే. మన పిల్లి, కోతి, ఈగ, గుర్రంవారి సంగతీ అంతే. నక్కవారి కుర్రవాడు మర్నాటినుంచి తన పేరు గట్టిగానే చెబుతున్నాడు.

అదే క్లాసులో మరొకడు లేచి, "మరి కాటన్ దొరంటే పత్తి దొరా సార్?" అని అడిగాడు. పత్తి చేల మధ్య పెరిగిన నర్సంపేట పిల్లవాడికి అంతకంటె సహజమైన ప్రశ్న ఏముంటుంది? 1847 నుంచి 1852 దాకా శ్రమించి ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ ఇంటిపేరుకూ పత్తికీ ఏ చుట్టరికమూ లేదు. పాత ఇంగ్లీషులో దానికి 'గుడిసెల దగ్గర' అని అర్థం. వాళ్ళ పూర్వులెవరో అలాంటి పేరుగల పల్లెనుంచి వచ్చినవాళ్ళు. అంటే తెలుగులో చెబితే ఆయన గుడిసెలవారు! ఇంగ్లండులో ఇంటిపేర్లు 1066లో నార్మన్లు వచ్చిన తర్వాత మెల్లమెల్లగా పాతుకుని, 1400 నాటికి చాలా ఇళ్ళలో తరతరాలకూ సంక్రమించడం మొదలైంది. పేర్లు పుట్టిన దారులు నాలుగే: ఊరు, వృత్తి, తండ్రి పేరు, మారుపేరు. మనకూ ఈ నాలుగూ వున్నాయి. మా తెలంగాణంలో దేశ్‌ముఖ్, దేశ్‌పాండే, పట్వారీ మొదట వుద్యోగాలు, తర్వాత ఇంటిపేర్లయినాయి.

అన్నిటిలోకీ మనకు ఎక్కువ కనిపించేది ఊరే. పాల్కురికి సోమనాథుడికి పాల్కురికి, బమ్మెర పోతనకు బమ్మెర. ఈ రెండూ మా పాత వరంగల్లు జిల్లా ఊళ్ళే, ఇప్పుడు జనగామ జిల్లాలో వున్నాయి. పోతన ఓరుగల్లువాడా, ఒంటిమిట్టవాడా అని పండితులు ఏళ్ళ తరబడి వాదించుకున్నప్పుడు ఓరుగల్లు పక్షాన నిలిచిన సాక్షులలో ఆ ఇంటిపేరు ఒకటి. కవి పోయి అయిదువందల ఏళ్ళు దాటినా ఆయన పేరు ముందరి ఊరు ఇంకా సాక్ష్యం చెబుతూనే వుంది. ఇంటిపేరంటే బిరుదు కాదు, చిరునామా.

మా నర్సంపేటకు దగ్గరలోనే లక్నేపల్లి వుంది. 1921 జూన్ 28న పుట్టి, 1991 నుంచి 1996 వరకు దేశానికి ప్రధానమంత్రిగా వున్న పి.వి. నరసింహారావుగారి జన్మస్థలం అదే. ఆ 'పి' అంటే పాములపర్తి. ఆ పేరుగల ఊరు ఇప్పటికీ సిద్దిపేట జిల్లాలో వుంది. వనపర్తి, పుట్టపర్తి లాంటి పేరన్నమాట. 'పర్తి'ని ప్రత్తి చేసి, పాములు పత్తి పండించిన ఊరని అర్థం చెప్పబోయే ప్రబుద్ధులకు కాటన్ దొరను గుర్తుచెయ్యాలి! అయితే విదేశీ పత్రికలు ఆయన్ను ఏమన్నాయి? 'మిస్టర్ రావు' అన్నాయి. వాళ్ళ లెక్కలో చివర వున్నదే ఇంటిపేరు. గౌరవానికి తగిలించుకున్న 'రావు' ఇంటిపేరైపోయింది. తరాలనుంచి మోసుకొచ్చిన పాములపర్తి ఒక్క పొడి అక్షరంలో ముడుచుకుని కూర్చుంది. అదే మా నియోజకవర్గంనుంచి పలుమార్లు శాసనసభకు వెళ్ళిన ఓంకార్‌గారిని చూడండి. ఆయన్ను మద్దికాయల ఓంకార్ అని నిండుగానే పిలిచారు జనం. పాకాల అడవిలో మద్దిచెట్టు కనబడినప్పుడల్లా నాకు ఆ పేరు గుర్తొస్తుంది.

ప్రధానమంత్రి ఇంటిపేరుకే అలా జరిగితే మామూలు పిల్లల మాట చెప్పాలా? పాస్‌పోర్టులో పేరు సరిగా విడదీసి రాయక, ఒకే గడిలో అంతా నింపిన వాళ్ళకు అమెరికా వీసాలో పేరు వుండవలసిన చోట 'పేరు తెలియదు' అని అర్థం వచ్చే మూడు అక్షరాలు పడతాయి. నా శిష్యుడొకడు అక్కడినుంచి ఫోను చేసి, "సార్, ఇక్కడ బ్యాంకులో నన్ను ఆ మూడు అక్షరాలతోనే పిలుస్తున్నారు" అని నవ్వాడు. ఆ నవ్వులో కొంచెం ఏడుపు కూడా వుంది.

కాబట్టి మా అమ్మాయి ప్రశ్న చిన్నది కాదు. సాయంత్రం దీపాలవేళ దాన్ని మా అమ్మ ముందు పెట్టాను. ఆవిడకు ఎనభై దాటాయి. చదివింది మూడో తరగతి.

"మన ఇంటిపేరు నాతో పోతుందమ్మా" అన్నాను, కాస్త గొంతు బరువు చేసుకునే.

"ఎందుకు పోతది? పెండ్లయిన్నాడు నా ఇంటిపేరు పోయిందా?" అంది అమ్మ. "నేను వేములవారి బిడ్డను. మా అమ్మ చింతలవారి బిడ్డ. మా అమ్మమ్మ తాటికొండవారి బిడ్డ. మీ నాయిన తల్లి పాకాలవారి ఆడబిడ్డ. ఆమె తల్లిది..."

అలా వేళ్ళు మడుస్తూ ఏడిళ్ళ పేర్లు చెప్పింది. ఏ ఇంటి పిల్ల ఏ వూరినుంచి వచ్చిందో, ఆ ఇంట్లో బావి ఏ దిక్కున వుండేదో కూడా చెప్పింది. నేను నోరు తెరుచుకుని విన్నాను. నాకు తెలిసినవి రెండే: మా నాన్నగారిది, మా మామగారిది.

ఆలోచిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. సంబంధం మాట వచ్చినప్పుడు, 'ఇంటిపేరు కలిస్తే పెళ్ళి కుదరదు' అని అటూ ఇటూ తరాలు తవ్వి చూసేది మన ఇళ్ళలో ఆడవాళ్ళే. "ఆమె ఫలానావారి ఆడపడుచు" అంటూ ఒకరినొకరు ఎరిగించుకునేదీ వాళ్ళే. కాగితం మీద మగవాళ్ళ వెంట ఒక్క పేరే నడుస్తుంది. ఆడవాళ్ళ జ్ఞాపకంలో ఏడు పేర్లు నడుస్తాయి. గాల్టన్ తన లెక్కలోకి కూతుళ్ళను తీసుకోలేదు. నిజం చెప్పొద్దూ, ఆదివారం సాయంత్రందాకా నేనూ తీసుకోలేదు.

మా అమ్మాయి అప్పటికే నోటుపుస్తకం తెచ్చుకుని, "నాయనమ్మా, మళ్ళీ మొదటినుంచి చెప్పు" అంటూ రాసుకోసాగింది. పెళ్ళయిన స్త్రీ ఇంటిపేరు మార్చుకు తీరాలనే చట్టం మన దేశంలో లేదు. మార్చుకోవాలో అక్కర్లేదో వాళ్ళిద్దరూ మాట్లాడుకుని తేల్చుకుంటారు. అందులో నేను తలదూర్చదలచుకోలేదు. దరఖాస్తులో మాత్రం, పుట్టినప్పటినుంచి పొడి అక్షరంగా వున్న మా ఇంటిపేరును మొదటిసారిగా నిండుగా రాసింది.

"పెద్దగా వుంది నాన్నా, గడి సరిపోతుందో లేదో అనుకున్నాను. సరిపోయింది" అంది.

ఇంత రాసి, ఆ ఇంటిపేరేమిటో చెప్పలేదేమని మీరడగవచ్చు. పత్రికలో వెయ్యడానికి వీల్లేదని మా అమ్మాయి ఆంక్ష పెట్టింది. ఇక ఆ పేరు మీద పెత్తనం ఆమెది. మీరు మాత్రం ఈ రాత్రి భోజనాల దగ్గర మీ అమ్మగారినో అమ్మమ్మగారినో ఆమె తల్లి ఇంటిపేరు, ఆ తల్లి తల్లి ఇంటిపేరు అడిగి చూడండి. పక్కన కాగితం, కలం పెట్టుకుని మరీ అడగండి.