హరీరా ఎవరి హక్కు?

జచ్చాకి హరీరా పెట్టడం మన ఇళ్లలో పాత రివాజ్. నానబెట్టిన బాదం, గసగసాలు మెత్తగా రుబ్బి, నెయ్యిలో వేయించి, పాలు, చక్కెర పోసి చిక్కగా కాస్తారు. కాన్పులో పోయిన తాఖత్ మళ్లీ వస్తుందని మా నానీమా అనేది.

నాకు బాబు పుట్టినప్పుడు నలభై రోజుల చిల్లా అంతా రోజూ పొద్దున్నే వేడివేడి గిన్నె చేతికొచ్చింది. పాప పుట్టినప్పుడు వారానికే ఆగిపోయింది. "బాదం మహెంగా అయింది బేటీ" అన్నారు మా సాస్. తగ్గింది నా ఖదర్ అని అర్థమైంది.

నొప్పులు రెండుసార్లూ ఒకటే కదా! హరీరా కొడుకుని కన్నందుకు ఇనామ్ కాదు, తల్లి హక్కు. ఇన్షా అల్లాహ్, రేపు నా బహూకి ఎవరు పుట్టినా చిల్లా పూర్తయ్యేదాకా మా పొయ్యి మీద హరీరా కాగుతుంది. మరి మీ ఇంట్లో?