దంతవైద్య విద్యార్థులకు ఆంగ్లం

మదనపల్లె, పుంగనూరు ప్రాంతాలలో తెలుగు, ఉర్దూ మాధ్యమాలలో చదివి దంతవైద్యంలో చేరే విద్యార్థి, రోగి "పన్ను జివ్వుమంటోంది" అనగానే బాధ ఎట్టిదో గ్రహించగలడు. అది చల్లని నీటికా, తీపికా, ఎంతసేపు నిలుస్తుంది అన్నది ఆంగ్లంలో వరుసగా వ్రాయవలసి వచ్చినప్పుడే తడబడతాడు. మౌఖిక పరీక్షలో ఆ తడబాటునే అజ్ఞానంగా లెక్కించడం అన్యాయం. ఉస్మానియాలో ఒకప్పుడు వైద్యశాస్త్రాన్ని ఉర్దూలోనే బోధించారు కదా! అయినా నేటి పాఠ్యగ్రంథాలు ఆంగ్లంలోనే ఉన్నవి. 1920లో కలకత్తాలో దేశపు తొలి దంతవైద్య కళాశాలను స్థాపించిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ విద్యార్థులకై రచించిన గ్రంథమూ ఆంగ్లమే. తెలుగు అధ్యాపకుడు ఆంగ్లానికి వకాల్తా పుచ్చుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. దంతవైద్యం చదువగోరే మన విద్యార్థులచేత వ్యాకరణ సూత్రాలు వల్లెవేయించడానికి బదులు, రోగి మాటలను ఆంగ్ల వాక్యాలుగా వ్రాయించే తరగతిని వారానికొక గంట నడపవలసిందిగా కళాశాల కమిటీవారికి నా మనవి.